శిలావిశేషము

ఉంగరంలో ఏడో కెంపు కూడా అంచు నుంచి రంగు దిగడం మొదలుపెట్టింది.

ఒంటె మీద కూర్చున్న కేదారి అది చూసి గబుక్కున పిడికిలి మూశాడు. మిగిలిన ఆరు కెంపులూ ఎప్పుడో ఉత్త గులకరాళ్ళైపోయాయి. పక్షానికొకటి చొప్పున ఆరు పక్షాలు గడిచాయి. ఇక ఈ ఒక్క ఎరుపూ ఆరిపోయిన క్షణాన, రిమాల దేశపు ఇసుక నడుమ ఇత్తడి ద్వారం ముందు నిలబడిపోయిన అతని గురువు శాకల్యభట్టు జుట్టుముడి దాకా శిల అయిపోతాడు. ఆ తర్వాత బ్రహ్మదేవుడు దిగివచ్చినా చేయగలిగింది లేదు.

జరిగింది ఇది. నీలావతీ రాజ్యపు రాకుమారి తారావళిని ధూమ్రజిహ్వుడనే మాంత్రికుడు ఎత్తుకుపోయి నీటికోటలో దాచాడు. ఆ కోటకు ఒకటే ద్వారం, ఆ ద్వారానికి ఒక ఇత్తడి ముఖం. వచ్చినవాణ్ణి అది ఒకటే అడుగుతుంది: "మఖ్లా అంటే ఏమిటి?" అది అరబ్బీ మాట. అందులోనూ ఆ దేశపు పట్టణాలవాళ్ళు కూడా మరిచిపోయిన పాత మాట. పద్ధెనిమిది భాషల మాటలు పోగుచేసి 'సర్వభాషాసముద్రిక' అనే నిఘంటువు కూర్చిన శాకల్యభట్టు "ఓస్, ఇంతేనా!" అని శాలువా దులుపుకుని బయల్దేరాడు. తన ఏడు కెంపుల ఉంగరం శిష్యుడి వేలికి తొడిగి మరీ వెళ్ళాడు. ద్వారం ముందు నిలబడి నిఘంటువులో ఉన్నది ఉన్నట్టు చదివాడు: "మఖ్లా. శిలావిశేషము."

శిలావిశేషము అంటే ఒక రకమైన రాయి. నిఘంటువులు రాసేవాళ్ళకు ఇదొక పాత అలవాటు. చెట్టు పేరు తెలిసి చెట్టు తెలియకపోతే వృక్షవిశేషము, పిట్టను ఎన్నడూ చూడకపోతే పక్షివిశేషము. చేప ముల్లు గుచ్చుకోనివాడు కూడా మత్స్యవిశేషము అని రాసి మీసం దువ్వుకోవచ్చు. ద్వారం పకపకా నవ్విందట. "రాయి అని తెలుసు, ఏం రాయో తెలియదు. అయితే రాయివై తెలుసుకో" అందట. గురువు పాదాలు అక్కడికక్కడే బండబారాయి.

ఈ కబురు మోసుకొచ్చిన రాచిలుకకు తెలియని సంగతి ఇంకొకటి ఉంది. ఆ మాట ఎదుట శాకల్యభట్టు ఏమీ రాయలేదు. ఎవరైనా ఓడ సరంగు వస్తే అడగాలని ఖాళీగా వదిలాడు. శుద్ధప్రతి రాసింది కేదారి. ఆరోజు ఊళ్ళో కోలాటం, చేతిలో ఇంకా నలభై తాటాకులు. ఖాళీ ఎందుకులే అని గంటంతో గీకిపారేశాడు: శిలావిశేషము. ఆ ఒక్క మాటే ఇప్పుడు గురువు మోకాళ్ళెక్కి, నడుమెక్కి, గుండెల మీదికి పాకుతోంది. కబురు విన్న పూటే కేదారి రాజుగారి సెలవుకైనా ఆగకుండా ఓడ ఎక్కాడు.

పండితుడన్నవాణ్ణి కనిపించినచోటే నరికేయమని ధూమ్రజిహ్వుడి ఆజ్ఞ. కనుక కేదారి రేవులో దిగగానే అత్తరు వర్తకుడి వేషం కట్టాడు. గంటాన్ని తలపాగాలో దోపుకుని, నీటికోట వైపు పోయే మూడు ఒంటెల బిడారులో చేరాడు. ఆ బిడారుకు పెద్ద ఖౌలా అనే డెబ్బై ఏళ్ళ అవ్వ. తోడు ఆమె తమ్ముడు హిలాల్, నోరు తెరిస్తే ఇసుక పడుతుందేమో అన్నట్టు మాట్లాడే మనిషి.

ఖౌలా అవ్వ ముందు వేషం మూడురోజులు కూడా నిలవలేదు.

"అత్తరు అమ్మేవాడి దగ్గర వాసన రావాలి కదా కొడకా, నీ దగ్గర దీపం మసి కంపు కొడుతోంది. ఆ ఎడమ బొటనవేలి గోటికి గాడి చూడు. తాటాకు మీద గంటం ఆనించి ఆనించి పడ్డ గాడి అది."

కేదారి దాచలేదు. ఒంటె దిగి ఆమె కాళ్ళ దగ్గర ఇసుకలో కూర్చుని మొత్తం చెప్పేశాడు. "అవ్వా, ఆ మాట మీ వాళ్ళదేనట. అదేమిటో చెప్పి పుణ్యం కట్టుకో."

"చెబుతాను. నువ్వు రాసుకుంటావు. రాసుకుని తలుపు ముందు చదువుతావు. చదివినవాళ్ళే అక్కడ పదకొండుమంది రాళ్ళై నిలబడి ఉన్నారు."

"మరి మీరే వెళ్ళి ఆ తలుపు తెరవచ్చుగా?"

అవ్వ ముఖం గంటుపెట్టుకుంది. "ఆ తలుపు మూడువందల ఏళ్ళ కిందట మా తాతముత్తాతలు పోతపోసింది. ఆ కోటలోని బావి మాది. ఆ పొగనాలుకవాడు వచ్చి తలుపుకు మంత్రం వేశాడు. ఇసుకలో పుట్టినవాళ్ళం దానికి కనిపించం, వినిపించం. ఎదురుగా నిలబడి గుండెలు బాదుకున్నా అంతే." ఒంటె ముకుతాడు లాగింది. "పద. దారిలో ఏదైనా కనిపిస్తే చూద్దువుగాని."

ఐదో రోజు మధ్యాహ్నం. ఆ ఎడారి అందం చెప్పాలంటే వెయ్యి నోళ్ళున్న ఆదిశేషుడైనా ముందు గుక్కెడు నీళ్ళు అడుగుతాడు. కనుచూపు మేరా పసుపు గుమ్మరించినట్టు తిన్నెలు. తిన్నె మీద గాలి గీసిన గీతలు, గీతల మీద చిన్న బల్లి పరిగెత్తిన జాడ. దూరాన వెండి చెరువులు ఊరిస్తూ, దగ్గరికి పోయేకొద్దీ జరుగుతూ పోతున్నాయి. ఆకాశం నిండా ఒక్క మబ్బు తునక లేదు. కాని నేల మీద ఉన్నట్టుండి ఒక నీడ పడింది.

"పడుకోండి!" అని హిలాల్ అరిచాడు. ఆ రోజుకు అతను అన్న మొదటి మాట అదే.

తాటిచెట్టంత రెక్కలు, గునపం లాంటి ఇనుపముక్కు, కాళ్ళకు కొడవళ్ళు కట్టిన రాబందు సూర్యుడి మధ్య నుంచి దూసుకొచ్చింది. దాని మెడ మీద ఎర్రటి శిరస్త్రాణం పెట్టుకున్న ఉల్కాముఖుడు, ధూమ్రజిహ్వుడి కుడిభుజం. "అత్తరు వర్తకుడా! ఏదీ నీ సరుకు?" అని వికటంగా నవ్వాడు. రాబందు మనుషుల జోలికి రాలేదు. ఒంటెల డొక్కలకు వేలాడే నీటితిత్తుల మీద పడింది. ఒక్క ముక్కుపోటుకు ఒక తిత్తి పగిలి జలజలా కారిపోయింది. రెండోది చీలింది. మూడోదాని నీళ్ళు ఇసుక తాగుతుంటే బుసబుసమని చప్పుడు వినిపించింది.

నాలుగో తిత్తి మీదికి అది వాలబోతుండగా కేదారి తలపాగాలోంచి గంటం లాగాడు. తుమ్మెద రెక్కంత అక్షరం చెక్కే చేయి అది, గురి తప్పదు. గంటం రివ్వున పోయి రాబందు రెక్క మూలంలో దిగబడింది. పక్షి కీచుమని అరిచి, గిరగిరా తిరిగి, మెడ మీది మనిషిని తిన్నె అవతలికి విసిరికొట్టి, కుంటురెక్కతో పడమటికి ఎగిరిపోయింది.

అంతా ముగిసేసరికి మిగిలింది ఒకే ఒక్క తిత్తి, అదీ సగం.

ఖౌలా ఏడవలేదు, తిట్టలేదు. మేలిముసుగు కొంగుముడి విప్పింది. అందులోంచి ఉసిరికాయంత గులకరాయి ఒకటి బయటికొచ్చింది. ఎన్ని వేళ్ళు తాకాయో, అద్దంలా నునుపుదేరింది. సంచిలోంచి అడుగు సన్నంగా ఉన్న కొయ్యగిన్నె తీసి, ఆ రాయిని అందులో వేసి, తిత్తి మూతి సన్నగా వదులు చేసింది. నీళ్ళు రాయి చుట్టూ పాకాయి, నడుము దాకా వచ్చాయి, నెత్తి మీద ఒక్క చుక్క వెలుగు మిగిలింది, ఆ చుక్క కూడా మునిగింది. చటుక్కున తిత్తి బిగించింది. గిన్నెలో నీళ్ళు హిలాల్ తోలుదొప్పలోకి వంచి, రాయిని మళ్ళీ గిన్నెలో వేసింది.

"ఇదేరా కొడకా మఖ్లా" అంది తల ఎత్తకుండానే. "నీళ్ళు పంచే రాయి. అది మునిగేదాకా ఒకరి వాటా."

కేదారి నోరు తెరుచుకుని చూస్తుండిపోయాడు. కొలపాత్ర లేదు, తూకం లేదు, గీతలు లేవు. దారిన దొరికిన ఒక రాయి. దానితో రాజుకూ కూలికీ ఒక్క చుక్క తేడా రాకుండా పంచుతున్నారు. ఆ పనికి ఒక మాట పెట్టుకున్నారు. ఎన్ని వేల మంది ఎన్ని వేల దాహాలతో ఈ గిన్నె చుట్టూ కూర్చుని ఉంటే ఆ మాట పుట్టి ఉంటుంది! తను దాన్ని కోలాటానికి వేళైందని రెండు గీతల్లో కొట్టేశాడు. అతనికి సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

"మఖల్ అంటే ముంచడం" అని అవ్వ చెబుతూనే ఉంది, చేయి ఆపకుండా. "పిల్లలు ఒకడి తల ఒకడు నీళ్ళలో ముంచి ఆడుకుంటారే, ఆ ఆటకూ ఈ కుదురులోంచే మాట."

"ఈ ఇసుకలో ఈతలెక్కడివి అవ్వా?"

"ఏడాదికొక్కరోజు వాగొస్తుంది. ఆ ఒక్కరోజుకూ మాకు మాటుంది. మీకు ఏడాదంతా నది, మీరు ఎన్ని దాచుకున్నారో ఏమో! కంటిగుడ్డును ముఖ్లా అంటాం, చూడటానికీ అదే మాట. రాయి మునిగిందా లేదా అని చుట్టూ ఉన్నవాళ్ళు గుడ్లప్పగించి చూస్తారు కదా, అందుకే ఆ పేరొచ్చిందనేది మా అవ్వ. నిజమో, అవ్వ కల్పించిందో నాకు తెలీదు. ఇదిగో, నీ వాటా."

కేదారి దొప్ప అందుకుని, నీటి దేశంలో పెరిగిన మర్యాద కొద్దీ రెండు చేతులా ఆమె ముందు పెట్టాడు. "పెద్దదానివి. నాది కూడా నువ్వే తాగు అవ్వా."

ఖౌలా కళ్ళు నిప్పులు కురిశాయి. "ఏమన్నావ్? నీ వాటా నాకిచ్చి నువ్వు రేపు తిన్నె మీద కూలబడితే, నిన్ను మోసేది నేనా, నా తమ్ముడా? ఈ రాయి దగ్గర ఎక్కువ తాగినవాడూ దొంగే, తక్కువ తాగినవాడూ దొంగే. దొప్ప పట్టుకో. రాయి పట్టినదానిది చివరి వాటా. ఆ చివరి రాయి మునిగేదాకా ఎవరూ పెదవి తడపకూడదు."

"చివరి రాయి మునగకపోతే?"

"అందరి దొప్పలూ వెనక్కి తిత్తిలోకి. ఇంకా చిన్న రాయి వెతుక్కోవాలి."

సరిగ్గా అప్పుడే తిన్నె అవతల నుంచి మూలుగు వినిపించింది. కాలు విరిగిన ఉల్కాముఖుడు ఇసుకలో దేకుతున్నాడు. కేదారి పళ్ళు కొరుకుతూ లేచాడు. అవ్వ అతని పంచె పట్టి కూర్చోబెట్టి, గిన్నెలో రాయి వేసి, తన వాటాకంటే ముందు ఉల్కాముఖుడి వాటా పోసింది.

"వాడు మన తిత్తులు చీల్చినవాడు అవ్వా!"

"అవును. దాహం తీరాక తిడదాం. రాయికి ముఖాలు తెలీవు."

ఉల్కాముఖుడు దొప్ప వంక, ఆమె వంక మార్చి మార్చి చూశాడు. విషమేమోనని వాసన చూశాడు. తాగాక మాత్రం తల దించుకుని, ఆ తల మళ్ళీ ఎత్తలేదు. కాలికి కర్రలు కట్టి ఒంటె మీద పడేసుకుని వాళ్ళు ముందుకు సాగారు.

ఏడో రోజు పొద్దు వాలుతుండగా నీటికోట కనిపించింది. నల్లరాతి గోడలు ఆకాశాన్ని ఒరుసుకుంటున్నాయి. బురుజుల మీద పొగ పడగలు విప్పి ఆడుతోంది. నడుమ నలభై మూరల ఇత్తడి ద్వారం అస్తమించే ఎండకు కొలిమిలా వెలుగుతోంది. దాని మీద ఇంటి తలుపంత ముఖం, ఆ ముఖం పెదవులు బీటలు వారి ఉన్నాయి. కింద గడియ ఉండాల్సిన చోట రెండు ఇత్తడి చేతులు దోసిలి పట్టి ముందుకు చాచి ఉన్నాయి. ఎదుట వరసగా పదకొండుమంది పండితుల శిలలు. పన్నెండో ఆయన శాకల్యభట్టు. గడ్డం కింది దాకా రాయి. పైన కళ్ళు మాత్రం ఆడుతున్నాయి.

"గురువుగారూ!" అని కేదారి ఒంటె మీది నుంచి దూకాడు. ఉంగరంలో కెంపు చివర గడ్డిపరకంత ఎరుపు మిగిలింది.

ఖౌలా కొంగుముడి విప్పి రాయీ గిన్నే అతని చేతిలో పెట్టింది. "తలుపుకు నేను కనిపించను. ఇక రాయి పట్టేది నువ్వే."

ఇత్తడి కనురెప్పలు కిర్రుమని లేచాయి. "వచ్చావా పదమూడోవాడా? మఖ్లా అంటే ఏమిటి?"

కేదారి తలుపు ముందు ఇసుకలో చతికిలబడి, గిన్నెలో రాయి వేసి, తిత్తి విప్పాడు. మొదటి వాటా ఖౌలా దొప్పలో, రెండోది హిలాల్ దొప్పలో పోశాడు. తలుపుకు ఆ ఇద్దరూ కనిపించలేదు. గాలిలో తేలే దొప్పలు నిండడం మాత్రం చూసి కళ్ళు చికిలించింది. మూడోది ఉల్కాముఖుడికి. నాలుగోది తన దొప్పలోనే పోసి గురువు గడ్డం కింద, రాతి భుజం మీద ఆనించాడు. ఐదో వాటా పట్టుకుని లేచి, చాచి ఉన్న ఇత్తడి దోసిట్లో వంచాడు.

"నాకెందుకు?" అంది ద్వారం. గొంతు మారిపోయింది.

"నీళ్ళ తావున నిలబడి మూడువందల ఏళ్ళైందటగా, నీ పెదాలు చూడు. చివరి రాయి మునిగేదాకా ఆగు, తాగుదువుగాని."

ఆరో వాటా కేదారిది. గిన్నెలో రాయి వేసి తిత్తి వంచాడు. నీళ్ళు రాయి చుట్టూ పాకాయి, నడుము దాకా వచ్చాయి. తిత్తి చుక్క చుక్క రాల్చి ఆగిపోయింది. గట్టిగా పిండాడు. ఇంకొక్క చుక్క. రాయి నెత్తి పొడిగానే ఉంది.

ఎవరూ కదల్లేదు. సూర్యుడు సగం ఇసుకలోకి దిగాడు. గురువు ఒంటి మీది రాయి పెదవుల దాకా పాకింది.

"మునగలేదు" అంది ద్వారం మెల్లగా. "ఇప్పుడేం చేస్తావు?"

కేదారి గొంతు ఎండి పిడచకట్టుకుపోయింది. అయినా మాట తడబడలేదు. "అందరూ వెనక్కి పొయ్యండి."

ఖౌలా పోసింది, హిలాల్ పోశాడు. ఉల్కాముఖుడు ఒక్క క్షణం దొప్పలోకి చూసి, కళ్ళు మూసుకుని, వంచేశాడు. గురువు భుజం మీది దొప్ప తీసి కేదారే తిత్తిలో వంచాడు. మిగిలింది ద్వారం. దోసిట్లో నీళ్ళు, పైన మూడువందల ఏళ్ళ దాహం. అప్పుడు నెమ్మదిగా ఆ చేతులు వంగి, ఒక్క చుక్క కింద పడకుండా, నీళ్ళన్నీ తిత్తిలోకి వదిలేశాయి.

ఇక చిన్న రాయి కావాలి. చుట్టూ పిండిలాంటి ఇసుక, గులక అన్నది లేదు. కేదారి చూపు తన వేలి మీద పడింది. గోటి గాడి ఆనించి ఉంగరంలోంచి ఒక రాయిని పెళ్ళగించాడు. గురువు చావును పక్షానికొకటిగా లెక్కపెట్టిన రాళ్ళలో మొదటిది, రేగుగింజంత. అది గిన్నెలో టక్కుమని పడింది. పోశాడు, మునిగింది. ఆరుసార్లు పోశాడు, ఆరుసార్లూ మునిగింది. చివరిది, తనది, నిండుగా మునిగింది.

"ఇక తాగండి" అన్నాడు.

అందరూ ఒక్కసారే తాగారు. ఆ దేశపు రాజుల పట్టాభిషేకాల్లో కూడా అంత నిశ్శబ్దం, అంత గౌరవం ఎవరూ చూసి ఉండరు. ద్వారం తన దోసిలి పెదవులకు ఎత్తుకుని, ఆ గుక్కెడు మింగి, కళ్ళు తెరిచి, "ఎవరమ్మా అక్కడ? ఖౌలావా?" అంది. అవ్వ అంత ముసలిదీ బావురుమంది.

నలభై మూరల ఇత్తడి నడిమికి చీలి తెరుచుకుంది. శాకల్యభట్టు ఒంటి మీది రాయి పెచ్చులు పెచ్చులుగా రాలింది. ఆ వరసలో పదకొండుమందీ ఒకరి తర్వాత ఒకరు తుమ్మారు.

కేదారి గురువు కాళ్ళ మీద పడ్డాడు. "తప్పు నాది గురువుగారూ. మీరు ఖాళీగా ఉంచితే శిలావిశేషమని రాసింది నేను."

"తెలుసురా" అన్నాడు శాకల్యభట్టు, గడ్డంలో ఇసుక దులుపుకుంటూ. "నీ దస్తూరీ నాకు తెలీదూ? శుద్ధప్రతి చూసినరోజే కనబడింది. ఎవడడుగుతాడులే అని ఊరుకున్నాను. అందుకే రాయి నిన్ను వదిలి నన్ను పట్టింది. అది సరే, ఇంతకీ ఆ మాటకు అర్థం ఏం రాద్దాం?"

కేదారి గిన్నెలోని రాయి వంక చూశాడు. "ఒక్క ఆకు చాలదండీ."

"అయితే నాలుగాకులు రాయి" అన్నాడు గురువు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

అంతలో కోట లోపల నగారా మోగింది. మెట్ల మీద నుంచి పొగ నాలుకలు చాస్తూ దిగివస్తోంది. దాని వెనక రాకుమారి తారావళి కేక సన్నగా వినిపించింది. ఒంటె మీద నుంచి ఉల్కాముఖుడు ఆరోజు మొదటిసారి తల ఎత్తాడు. "ఎడమ మెట్లు ఎక్కకు. అవి మెట్లు కావు" అన్నాడు.

కేదారి రేగుగింజంత రాయిని గిన్నెలోంచి తీసి పైపంచె కొంగున ముడివేశాడు. ఖౌలా తిత్తిని బావిలో నింపుదామని అప్పటికే గుమ్మం దాటుతోంది. పొగ వాళ్ళిద్దరి మీదికీ ఒకేసారి వచ్చింది. కేదారి ఒక చేత్తో అవ్వ చేయి పట్టుకుని, కుడి మెట్ల వైపు పరుగు తీశాడు.